తెల్ల బొత్తాల డబ్బా

మా అక్కకి కోపం రాదు. ఇద్దరికీ సరిపడా కోపం నేనే తెచ్చుకుంటాను, ఇద్దరికీ సరిపడా భయం తను పడుతుంది. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో పని పంపకం ఇలాగే ఉంది.

మేం పని చేసేది ఓ దర్జీ షాపులో. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే గది. ముందు మాస్టర్ కత్తిరింపుల బల్ల, కిటికీ కింద నా మిషను, దాని పక్కన ముక్కాలి పీట మీద అక్క. అక్క వెనక గోడకి అరలు, అరల నిండా పాత బిస్కెట్ డబ్బాల్లో బొత్తాలు. గది చివర తెర కట్టిన ట్రయల్ రూము, అందులో నిలువుటద్దం. మాస్టర్ కోస్తాడు, నేను మిషను తొక్కుతాను, చేతికుట్టంతా అక్కది. కాజాలు, బొత్తాలు, మడతకుట్టు, కఫ్ మీద పేరులో మొదటి అక్షరం కుట్టడం. మిషను కాజా చూసినవాళ్ళెవరూ అక్క కాజా చూశాక మళ్ళీ దాని మొహం చూడరు. అందుకే అందరికీ తను కాజాలక్క. నాకున్న పేరు మిరపకాయ. పెట్టింది మాస్టర్.

అక్క మెడలో దారం కట్టి ఎర్రటి సూదుల దిండు ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చేరిన కొత్తలో ఒకసారి మాస్టర్ తొందర్లో అందులోంచి ఓ సూది లాగాడు. అక్క పీట మీంచి లేచి, ఆయన వేళ్ళ మధ్య నుంచి దాన్ని ఊడలాక్కుని చెత్తబుట్టలో పడేసింది. "బాబోయ్! సూదికి కూడా ఇంత పొగరా!" అన్నాడాయన. అక్క చేతిలోంచి సూది కింద పడిందా, ఇక షాపులో పని ఆగిపోయినట్టే. అయస్కాంతం పట్టుకుని నేలంతా పాకి, దొరికేదాకా ఎవర్నీ కాలు కదపనిచ్చేది కాదు. అది చాదస్తమని మాస్టర్ అనుకునేవాడు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

పద్దెనిమిదేళ్ళ కిందట బావ పోయాడు. పోయేముందు రక్తపరీక్షలో ఆయనకి హెచ్.ఐ.వి. అని తేలింది, తర్వాత అక్కకీ తేలింది. అప్పటికి తనకి ముప్పై మూడేళ్ళు. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ పలకం. "అది" అంటాం, అంతే. అక్క మందులు మొదలుపెట్టింది, ఒక్క రోజు తప్పలేదు. రోజుకో మాత్ర, పొద్దున తొమ్మిదింటికి. మొదట్లో క్లినిక్‌లో నర్సమ్మ తొమ్మిదని రాసిచ్చింది కాబట్టి ఈనాటికీ తొమ్మిదే. అప్పటికి షాపులో ఉంటాం కదా, అందుకని మాత్రల సీసాని ఒక గుడ్డలో చుట్టి తెల్ల బొత్తాల డబ్బాలో పెట్టుకునేది. మాత్రల సీసా ఊగితే గలగలమంటుంది, అందరూ తల తిప్పి చూస్తారు. బొత్తాల డబ్బా గలగలమంటే ఎవరు చూస్తారు? తొమ్మిది కొట్టగానే అటు తిరిగి, బొత్తాలు ఏరుతున్నట్టు ఏరి, నీళ్ళు కూడా లేకుండా గుటుక్కున మింగేసేది.

మూడు నెలలకోసారి క్లినిక్‌కి వెళ్ళాలి. మాస్టర్‌కి ఏం చెప్పాలో తెలియక మొదటిసారి "పంటి డాక్టర్ దగ్గరికి" అంది. ఇక అదే ఖాయమైపోయింది. పదకొండేళ్ళుగా పంటి డాక్టరే.

"నీకున్నవి ముప్పై రెండు పళ్ళేనా, ఎక్కువేమైనా ఉన్నాయా?" అనేవాడు మాస్టర్, వెళ్ళిన ప్రతిసారీ.

అక్క నోరు మూసుకుని నవ్వేది. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. మాస్టర్‌కి రోజూ భోజనమయ్యాక తెర వెనక్కి వెళ్ళి ఐదు నిమిషాలు అద్దం ముందు నిలబడే అలవాటుంది. "మీకు మిగిలినవి మూడు వెంట్రుకలే కదా మాస్టర్, వాటికి రోజూ ఇంత అలంకారమా?" అనేదాన్ని. "మూడున్నాయి కాబట్టే జాగ్రత్త, మిరపకాయ్" అనేవాడు, దువ్వెన జేబులో పెట్టుకుంటూ.

ఇలా పదకొండేళ్ళు గడిచాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఈ మధ్యనే, రెండు నెలలుగా, అక్క దవడ పట్టుకుని కూచోవడం చూశాను. "దారం కొరికి కొరికి నొప్పి పుడుతోందే" అంది. అది నిజమే కదా అనుకున్నాను. కత్తెర పక్కనే ఉన్నా దారం పళ్ళతోనే తెంపుతుంది మహాతల్లి. తర్వాత ఎడమ చెయ్యి బరువుగా ఉందంది. ఆ చేత్తోనే రోజంతా బట్ట పట్టుకుంటుంది, బరువెక్కదా మరి? మా గది మూడో అంతస్తులో ఉంది. రెండో అంతస్తు మలుపులో ఆగి, వంగి, చెప్పు సర్దుకుంటున్నట్టు నటించేది. రోజూ అదే చోట అదే చెప్పు. నేనేమన్నానో తెలుసా? "పద అక్కా, మెట్లకి కొలతలు తీసుకుంటున్నావా ఏంటి?" అన్నాను. ఈ నోరుంది చూశారూ, దీన్ని కుట్టెయ్యాలి.

ఒకసారి గట్టిగానే అడిగాను, డాక్టర్‌కి చూపిద్దామా అని.

"మొన్నటి రిపోర్టు చూశావుగా? వైరస్ అసలు కనపడట్లేదని రాశారు. ఇంకేం చూపించాలి?" అంది.

నేనూ నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ కాగితం మా ఇద్దరికీ దేవుడిచ్చిన చీటీ లాంటిది. వైరస్ కనపడట్లేదు అంటే ఒంట్లో ఇక ఏ జబ్బూ లేదని అర్థం చేసుకున్నాం. జ్వరమొస్తే "అదే"నేమోనని వణికిపోయేవాళ్ళం, దగ్గొస్తే "అదే"నేమోనని వణికిపోయేవాళ్ళం. "అది" కాకుండా మనిషికి ఇంకో జబ్బు కూడా రావచ్చన్న సంగతే మా బుర్రల్లోంచి ఎగిరిపోయింది.

ఆ రోజు బళ్ళు తెరిచే ముందరి హడావిడి. యూనిఫారాలు కొండలా పేరుకుపోయాయి, దాని మీద ఓ ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు ఇరవై. అక్క తయారైన బట్టలు పట్టుకుని ఇస్త్రీ షాపుకి వెళ్ళింది. "మిరపకాయ్, కోట్లకి నాలుగు రంధ్రాల తెల్ల బొత్తాలు కావాలి, ఉన్నాయో లేవో చూడు" అన్నాడు మాస్టర్. నేను డబ్బా దించి, గుడ్డమూట తీసి నడుముకి దోపుకుని, బొత్తాలు మూతలోకి ఒంపాను. పదకొండేళ్ళు దర్జీ షాపులో అరిగిన వేళ్ళు నావి, చూడకుండానే ఏరగలను. ఒకటి తీశాను, రంధ్రాలు తగల్లేదు. ఇంకోటి తీశాను. దానికీ లేవు.

మాత్రలు. చిన్నవి, తెల్లవి, గుండ్రనివి. అక్క రోజూ వేసుకునేవి కావు, అవి పెద్దవి, కోలగా ఉంటాయి. డబ్బా అడుక్కి చెయ్యి పోనిచ్చాను. బొత్తాల కింద రెండు దోసిళ్ళ మాత్రలున్నాయి.

ఇన్ని మాత్రలు మనిషి ఎందుకు దాచుకుంటుంది? ఒకేసారి మింగి ప్రాణం తీసుకోవడానికా? మొదట వచ్చిన ఆలోచన అదే. ఎలా మూత పెట్టానో, మాస్టర్‌కి బొత్తాలు ఏమిచ్చానో గుర్తు లేదు.

అక్క లోపలికి రాగానే చెయ్యి పట్టుకుని ట్రయల్ రూములోకి లాక్కెళ్ళి తెర వేసేశాను. నాకు గుసగుసగా తిట్టడం చేతకాదు. ఆ రోజు నేర్చుకున్నాను.

"ఏంటే ఇవి? ఏంటివి? నన్ను ఒంటరిదాన్ని చేసి పోదామనుకున్నావా?"

అక్క నా అరచేతిలోని మాత్రలు చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"చావడానికి కాదే. చావకూడదనే."

"అంటే?"

"పోయినేడు నర్సమ్మ ఈ మాత్ర కలిపింది. రోజూ వేసుకోమంది. నేను వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదు? ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. వెళ్ళినప్పుడల్లా వాళ్ళు అట్టలు చూసి లెక్కపెడతారు కదా, మిగిలితే తిడతారని రోజుకోటి అట్టలోంచి తీసి ఇందులో పడేశాను."

పద్దెనిమిదేళ్ళలో ఒక్క మాత్ర మానని మనిషి ఇది! తొమ్మిది దాటి ఐదు నిమిషాలైతే చెమటలు పట్టే మనిషి! రోజూ తొమ్మిదింటికి పెద్ద మాత్ర నోట్లోనూ, చిన్న మాత్ర బొత్తాల్లోనూ వేసుకుంటూ వచ్చిందన్నమాట.

"దేనికట ఈ మాత్ర?"

"గుండెకట."

"మరి వేసుకోడానికేం రోగం?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"మీ బావకి కూడా ముందు ఒక మాత్రే కలిపారు, గుర్తుందా? బలానికన్నారు. తర్వాత రెండు మార్చారు. మళ్ళీ ఒకటి కలిపారు. మూడు నెలలు... అంతే. మాత్ర కలిపారంటే పాతవి పని చెయ్యట్లేదని, అది మళ్ళీ లేచిందని. రిపోర్టులో ఒకటి రాస్తారు, నిజం మొహం మీద చెప్పరు. అప్పుడు బలానికన్నారు, ఇప్పుడు గుండెకంటున్నారు. నా కొవ్వు పరీక్ష బాగానే ఉందని ఆ నర్సమ్మే చెప్పింది. బాగుంటే మాత్రెందుకు? చెప్పు."

"అడగాల్సింది కదా!"

"అడిగితే చెప్పేస్తారే" అంది అక్క.

తను పదకొండు నెలలుగా చచ్చిపోతున్నానని నమ్ముతూ, నా పక్కన కూచుని కాజాలు కుట్టింది. ఆ మాత్ర నోట్లో వేసుకుంటే చావు ఖాయమని ఒప్పుకున్నట్టే తన లెక్కలో. వెయ్యనంత కాలం ఇంకా ఒప్పుకోనట్టు.

"మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్తున్నాం. నేనడుగుతాను. వాళ్ళేం చెప్తారో నా మొహం మీద చెప్పమను" అన్నాను. అక్క తలూపింది. ఏడవలేదు. మొహం కడుక్కుని వెళ్ళి పీట మీద కూచుని కోటు అందుకుంది. నేను మిషను దగ్గర కూచున్నాను గానీ కుట్టు ఒక్కటీ సూటిగా పడలేదు.

పదకొండవుతుండగా అక్క చేతిలోంచి సూది జారింది. నేల మీద టింగుమని చిన్న చప్పుడు. నేనూ మాస్టర్ అలవాటుగా పాదాలు కదపకుండా ఆగిపోయాం, అయస్కాంతం తీస్తుంది కదా అని.

అక్క వెతకలేదు.

తలెత్తి చూశాను. తను ఎటో చూస్తోంది. నుదుటి మీద చెమట, పెదవుల చుట్టూ బూడిద రంగు. కుడి చేత్తో దవడ పట్టుకుని ఉంది. "అక్కా, సూది" అన్నాను. పిచ్చిదాన్ని, సూది అన్నాను. "ఊపిరాడట్లేదే" అంది. పీట మీంచి పక్కకి ఒరిగింది, మెడలో దారం తెగి సూదుల దిండు నేల మీద పడింది.

మాస్టర్ బల్ల మీది గుడ్డలన్నీ నేలకి తోసేసి వచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి అక్కని రెండు చేతుల్తో ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు, టాక్సీకి అడ్డంగా నిలబడ్డాడు. షాపు తలుపులు తెరిచే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంది. దారంతా ఆయనకి నాకంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ. తెల్లటి లైట్లు, చక్రాల మంచం, ఎవరో అక్క జాకెట్టు బొత్తాలు విప్పుతున్నారు, ఛాతీకి తీగలు అంటిస్తున్నారు. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వంగి అడిగింది: "నొప్పి ఎక్కడ?"

అక్క దవడ చూపించింది.

"ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా? ఎవరి దగ్గరైనా చూపిస్తున్నారా?"

నేను నోరు తెరిచేలోపు మాస్టర్ అందుకున్నాడు. "పళ్ళ జబ్బండీ డాక్టరుగారూ! పదకొండేళ్ళుగా పంటి డాక్టరు దగ్గరికి తిరుగుతోంది. ఎన్నిసార్లు చెప్పానో, పీకించుకోమని!"

డాక్టరమ్మ అక్క దవడ కేసి మళ్ళీ చూసింది, కింద నొక్కి చూసింది. మేం ఆడిన అబద్ధం అక్క కంటే ముందు ఆసుపత్రిలోకి నడిచొచ్చి కూచుంది. పన్నునొప్పి అనుకుని వీళ్ళు పక్కన పెట్టేస్తే?

"పన్ను కాదు. మెట్లెక్కితే ఆయాసం, ఎడమ చెయ్యి బరువు, రెండు నెలలుగా" అన్నాను గబగబా.

"రోజూ ఏ మందులు వాడుతున్నారు? అన్నీ చెప్పండి. కొన్ని మందులు కలిస్తే ప్రమాదం."

అక్క నా మణికట్టు పట్టుకుంది. అంత నొప్పిలోనూ గోళ్ళు దిగేలా పట్టుకుంది. కళ్ళు నా మీదే ఉన్నాయి, చెప్పొద్దని. మాస్టర్ మంచానికి అవతల పక్క నిలబడి ఉన్నాడు, అక్క చెప్పులు చేతిలో పట్టుకుని. ఆయనకి తెలిస్తే పీట పోతుంది, షాపు పోతుంది, వీధిలో తలెత్తుకునే రోజు పోతుంది. పదకొండేళ్ళుగా అయస్కాంతంతో నేలంతా పాకింది ఇందుకోసమే కదా.

"చెప్పండమ్మా, టైము లేదు."

చెప్పేశాను. "తనకి హెచ్.ఐ.వి. ఉంది. పద్దెనిమిదేళ్ళుగా మందులు వాడుతోంది. గుండెకని పోయినేడు ఇంకో మాత్ర ఇచ్చారు, అది వెయ్యలేదు." నడుముకి దోపుకున్న గుడ్డమూట విప్పి మాత్రల సీసా ఆమె చేతిలో పెట్టాను.

అక్క నా చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ కనురెప్ప కూడా వెయ్యలేదు. సీసా మీది పేరు చదివి, పక్కనున్నతనికి చెప్పి, ఈసీజీ కాగితం చించి చూసి "గుండెపోటు. పైకి తీసుకెళ్ళండి" అంది. మంచం కదిలింది. నేను దాని వెనక పరిగెత్తబోతూ ఒక్కసారి తిరిగి చూశాను. మాస్టర్ అక్క చెప్పులు గోడ పక్కన పెట్టాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. మళ్ళీ సబ్బు రాసి కడుక్కున్నాడు. తర్వాత బయటికి వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. కానీ కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు నాకు.

మూసుకున్న తలుపు ముందు రెండు గంటలు నిలబడ్డాను. కూచుంటే ఏదో అయిపోతుందని భయం. నేను తిట్టినందుకే ఇలా అయిందని భయం. ఆ తలుపు తెరుచుకుంటుందని భయం, తెరుచుకోదని భయం. చివరికి డాక్టరమ్మ వచ్చి, మూసుకుపోయిన నాళానికి స్టెంట్ వేశామని, బతికిందని చెప్పింది. నేను గోడకి జారి నేల మీద కూచున్నాను. ఆమె కూడా నా పక్కన గొంతుక్కూచుంది, మంచి మనిషి.

"మీరు తిడితే వచ్చేది కాదమ్మా ఇది. ఏళ్ళ తరబడి పేరుకున్నది. ఈ వైరస్ ఉన్నవాళ్ళకి, మందులతో అది అణిగి ఉన్నా సరే, రక్తనాళాల లోపల సన్నటి వాపు ఉంటూనే ఉంటుంది. గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళకంటే రెట్టింపు దాకా ఉంటుంది. అందుకే కొవ్వు మామూలుగా ఉన్నా ముందు జాగ్రత్తగా ఆ మాత్ర ఇస్తారు. వైరస్ లేచిందని కాదు. ఆవిడ దాన్ని ఎంతో బాగా అణిచిపెట్టుకుంది. ఇప్పుడు గుండెని కాపాడుకోవాలి."

అడిగి ఉంటే పదకొండు నెలల కిందటే నర్సమ్మ ఈ నాలుగు ముక్కలూ చెప్పేది.

మర్నాడు అక్కకి మాట వచ్చింది. మొదటి మాట ఏమిటనుకుంటున్నారు?

"ఎన్ని కలిపారు?"

అబద్ధం ఆడదామనుకున్నాను, కానీ అబద్ధాలతో ప్రాణం విసిగిపోయింది. "ఐదు" అన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఒకటికి పదిసార్లు చెప్పాను. "ఊఁ" అంది ప్రతిసారీ. మాత్రలిస్తే నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మూడోరోజు పొద్దున దిండు సర్దుతుంటే గలీబు అంచు మడతలో గట్టిగా ఏదో తగిలింది. కుట్టు రెండంగుళాలు విప్పి ఉంది. లోపల ఐదు మాత్రలు, సగం కరిగి గుడ్డకి అంటుకుని ఉన్నాయి.

నర్సుని పిలిచి చూపిస్తే ఆమె నుదురు కొట్టుకుంది. "ఇదిగో, ఇది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది. ఇది ఆపితే వేసిన స్టెంట్ మూసుకుపోతుంది. రోజుల్లోనే, ఏ క్షణంలోనైనా. ఆవిడకి చెప్పండి." కొత్త మాత్రలు ఐదూ అట్టల్లోంచి తీసి ఓ చిన్న గిన్నెలో పెట్టి, అట్టలు అక్కడే వదిలేసి, డాక్టర్‌ని పిలుచుకు రావడానికి వెళ్ళింది.

ఇంతకు మించి నాకేం చెప్పడం వచ్చు? తిట్టాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. నేను అంత భయపడ్డ రోజు నా జన్మలో లేదు. మా అక్క నా కళ్ళముందే, మందు చేతికందే దూరంలో ఉండగా, భయంతో చచ్చిపోబోతోంది.

"నిజం చెప్పవే. బతకడానికిస్తున్నారా ఇవి, పోయేదాకా బాధ తెలియకుండా ఇస్తున్నారా? మీ బావకి ఐదు దాకా కూడా రాలేదు" అంది.

అప్పుడు వార్డు గుమ్మంలో మాస్టర్ నిలబడి ఉన్నాడు.

మూడు రోజులుగా అజాపజా లేని మనిషి. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. చేతిలో ఓ గుడ్డసంచి. లెక్క తేల్చి పంపెయ్యడానికే వచ్చాడనుకున్నాను.

"మళ్ళీ చేతులు కడుక్కోవడానికొచ్చారా?" అన్నాను. నోరు ఆగదు కదా.

ఆయన తల దించుకున్నాడు. "కడుక్కున్నాను. నువ్వు చూశావని తెలుసు. భయపడ్డానమ్మా, అబద్ధమెందుకు చెప్పాలి? పదకొండేళ్ళు ఒక గదిలో ఉన్నాం, ఎన్నిసార్లు సూది గుచ్చుకుందో, నాకూ వచ్చేసి ఉంటుందని భయం. మా ఇంటావిడకి చెప్పలేక, నా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పెట్టాల్సిన గడ్డి పెట్టాడు. పరీక్ష కూడా చేయించాడు. ఏమీ లేదు." సంచిలోంచి ఎర్రటి సూదుల దిండు తీసి అక్క మంచం మీద పెట్టాడు. "షాపంతా తలకిందులు చేసి, పడిపోయిన సూది కూడా వెతికి గుచ్చాను. పొగరనుకున్నాను నీది. మా కోసమే కదా నువ్వు నేలంతా పాకింది."

అక్క కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"మీకెందుకు డాక్టరు? ఏం జబ్బు మీకు?" అన్నాను, అప్పటికి నాకు తట్టి.

మాస్టర్ చొక్కా లోపలి జేబులోంచి, దువ్వెనతో పాటు, ఓ పాత కళ్ళజోడు పెట్టె తీశాడు. తెరిచాడు. అందులో కళ్ళజోడు లేదు, మాత్రల అట్టలున్నాయి, కత్తెరతో చక్కగా కత్తిరించినవి.

"ఏడేళ్ళ కిందట నాకూ స్టెంట్ వేశారు. ఊరెళ్తున్నానని వారం రోజులు షాపు మూశాను చూడు, అప్పుడు. గుండెజబ్బు మనిషంటే యూనిఫారాల ఆర్డర్లు ఎవరిస్తారని దాచాను. రోజూ భోజనమయ్యాక తెర వెనక వేసుకునేది ఇవే."

"మరి... ఆ మూడు వెంట్రుకలు?"

"వాటికి దువ్వెనెందుకు, మిరపకాయ్?"

అక్క మెల్లిగా లేవబోయింది. నేను దిండు ఆసరా పెట్టాను. "ఆ గిన్నె ఇటివ్వు. అట్టలు కూడా" అంది. నర్సు వదిలేసిన అట్టలు తీసి ఒళ్ళో పరిచింది, మాస్టర్ అట్టలు వాటి పక్కన పెట్టింది. అక్కకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ వేల కఫ్‌ల మీద ఆ అక్షరాలు కుట్టిన చెయ్యి తనది. రెండు కాజాలు సరిచూసినట్టు ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, ఇటు చూసి, అటు చూసి, పోల్చుకుంటూ పోయింది. ఎంతసేపు చూసిందో!

"నాలుగు ఒకటే. ఐదోది వేరే" అంది చివరికి.

"అది మొదటి ఏడాదే ఇస్తారు. నాకూ ఇచ్చారు, తర్వాత ఆపేశారు" అన్నాడు మాస్టర్.

"ఈ చిన్నది?" ఆ తెల్లటి గుండ్రటి మాత్ర ఎత్తి చూపింది. రెండు దోసిళ్ళు బొత్తాల కింద పడేసిన మాత్ర.

"ఏడేళ్ళుగా వేసుకుంటున్నా."

"మీకు... అది లేదు కదా?"

"లేదమ్మా. నాకున్నది గుండె జబ్బొక్కటే. నీకూ ఈ మాత్ర దానికే."

ఇన్నాళ్ళూ షాపులో నాలుగడుగుల దూరంలో, తెరకి ఇటు ఒకరు, అటు ఒకరు. ఒకరు అదే మాత్ర దాక్కుని మింగారు, ఒకరు అదే మాత్ర దాక్కుని పారేశారు. "భయం వెయ్యదా మీకు?" అంది అక్క.

"రోజూ వేస్తుంది. అందుకే రోజూ వేసుకుంటాను."

ఆయన, అక్క ఆసుపత్రి చొక్కాకి ఊడి వేలాడుతున్న బొత్తం చూసి, అలవాటుగా ఎర్ర దిండు మీదికి చెయ్యి చాపాడు. అక్క ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ ఒంట్లో అంత సత్తువ ఎక్కడిదో! "మీ సూది మీరు తెచ్చుకోండి మాస్టర్."

తర్వాత గిన్నె అందుకుంది. ఎత్తగానే మాత్రలు గిన్నెలో గలగలమన్నాయి. వార్డులో ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూశారు. అక్క దాచుకోలేదు. ఒక్కోటీ వేసుకుంది, ఒక్కోదానికీ నీళ్ళు తాగింది. చిన్న తెల్లదాన్ని చివరికి ఉంచి, కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. అప్పుడు నా వైపు తిరిగి, చెంపల్లో ఏమీ దాచలేదని చూసుకోమన్నట్టు నోరు బార్లా తెరిచింది.

"ముప్పై రెండూ ఉన్నాయా, ఎక్కువేమైనా ఉన్నాయా?" అన్నాడు మాస్టర్.

నేను వంగి చూశాను. కళ్ళనిండా నీళ్ళతో సరిగా కనపడి చావలేదు గానీ, ఒక్క పన్ను కూడా పుచ్చలేదు.